మిరపచేలో పదకొండు పుల్లలు

సోమవారం పొద్దున వెంకటనారాయణ పెట్టుకున్న పని చాలా చిన్నది. చద్దన్నం తిని, చేను ఒకసారి చుట్టివచ్చి, ఎనిమిదింటి జీపులో కోంటా బజారుకు పోయి మిరప విత్తనాలు తెచ్చుకోవాలి, అంతే. కానీ పెరట్లో దండెం మీద ఆయన పచ్చగళ్ల లుంగీ లేదు.

“గాలికి పోయి ఉంటది లేవయ్యా,” అంది నాగేశ్వరమ్మ, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే.

“గాలికైతే పక్కనున్న నీ చీర ఎందుకు పోలేదు? గాలి మొగోళ్ల బట్టలే ఏరుకోని ఎత్తుకపోతదా?”

నాగేశ్వరమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. మొగుడి అనుమానానికి జవాబు చెబితే ఒకటి రెండవుతాయని ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె నేర్చుకుంది. వెంకటనారాయణ మాత్రం పక్కింటాయన మాడ పెరటి వైపు ఒక చూపు చూసి, లుంగీ సంగతి మనసులో రాసిపెట్టుకున్నాడు. మాడకూ ఆయనకూ రెండేళ్లుగా మాటల్లేవు.

వెంకటనారాయణ అనుమానం ఊరికే పుట్టింది కాదు. వెనకటికి ఆయన తండ్రి, ఒక కాంట్రాక్టరు తెచ్చిన కాగితం మీద ‘చూశాను’ అని చెప్పడానికే కదా అని వేలిముద్ర వేశాడు. కచేరీకి చేరేసరికి ఆ కాగితంలో ‘ఇచ్చాను’ అని ఉంది. రెండెకరాలు ఇటుకబట్టీ కిందికి పోయాయి. అప్పట్నుంచి ఆ ఇంటికి ఏ కాగితం వచ్చినా సంతకానికి ముందు మూడు రోజులు బియ్యం డబ్బాలో ఊరాలని వెంకటనారాయణ కట్టడి చేశాడు. ఊరితే దాని అసలు రంగు బయటపడుతుందని ఆయన నమ్మకం. ఒకసారి మరదలి పెళ్లి శుభలేఖను కూడా ఊరబెట్టాడు. బయటికి తీసి చదివేసరికి ఆ పెళ్లి అయిపోయింది.

కాబట్టి ఆ పొద్దున కూతురు శిరీష ఫారం పట్టుకుని ఎదురొచ్చినప్పుడు ఆయన చెయ్యి జేబులో పెన్ను వైపు పోలేదు. శిరీష పదో తరగతి పాసైంది. పదకొండులో ఏం చదువుతుందో రాసి, తండ్రి సంతకంతో శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఆ ఫారం స్కూల్లో ఇవ్వాలి. వెంకటనారాయణ దృష్టిలో అది ఎప్పుడో తేలిపోయిన విషయం. బయాలజీ చదవాలి. అదైతే ఈ స్కూల్లోనే ఉంది. నర్సు అవుతుంది, రోజూ సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. తీరా చూస్తే ఫారంలో ‘గణితం’ అని ఉంది. దాని కింద ‘దంతెవాడ, హాస్టల్’ అని ఉంది.

“లెక్కలా? దంతెవాడనా? ఎవరు ఎక్కించిండ్రే నీకు ఇది?”

“ఎవ్వరూ ఎక్కించలే నాయనా. నేనే తేల్చుకున్న. ఎట్ల తేల్చుకున్ననో చెప్తా, ఒక్కసారి నాతోని చేనుకాడికి...”

“మూడు రోజులు ఊరనియ్యి,” అని కాగితం మడిచి డబ్బాలో పడేసి, బియ్యం పైకి కప్పి, వెంకటనారాయణ చేనుకు నడిచాడు.

చేను పై చివర పశువుల కొట్టం దగ్గరే ఆయన కాళ్లు ఆగిపోయాయి. నేలలో మూరెడు వెదురు పుల్ల పాతి ఉంది. దాని తలకు గుడ్డ పీలిక ఒకటి ముడివేసి ఉంది. రాత్రి వానకు తడిసి బురద కొట్టుకుపోయింది. పుల్ల మీద నల్లరంగుతో సున్న వేసి ఉంది. ఇరవై అడుగులు దిగితే ఇంకొకటి, దాని మీద నాలుగు. తర్వాత తొమ్మిది. అట్లా అంకెలు పెంచుకుంటూ మిరపచేలోంచి గట్టు దాటి, అవతలున్న మాడ చేలోకి పోయాయి. మొత్తం ఆరు పుల్లలున్నాయి. ఆఖరిదాని మీద పదిహేను.

ఇప్పలగూడెంలో పొలంలో అంకె వేసిన పుల్ల కనిపిస్తే పసిపిల్లకైనా తెలుసు, అది సర్వే అని. ఎక్కడో కింద గోదారి మీద ఆనకట్ట లేస్తోందని, శబరి ఏరు వెనక్కి తన్ని ఊళ్లు మునుగుతాయని ఏళ్ల తరబడి వింటున్నారు. ఎవరో వస్తారు, పుల్లలు పాతుతారు, ఏమీ చెప్పకుండా పోతారు. ఆ తర్వాత ఊళ్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు. పుల్ల పీకడానికి కూడా భయమే. పీకితే నోటీసు ముట్టినట్టే లెక్క అని ఎవరో ఎప్పుడో అన్నారు, అది చట్టమై కూర్చుంది.

వెంకటనారాయణ రెండేళ్ల పంతం పక్కనబెట్టి గట్టు మీద నిలబడి కేకేశాడు. “మాడా! ఓ మాడా! ఇట్రా!”

అసలా పంతం ఈ గట్టు గురించే. ఏటా వానాకాలం మిరపచేలో ఈ గట్టు వెంట నీళ్లు నిలిచి మొక్కలు కుళ్లిపోతాయి. కంటికి రెండు చేలూ ఒకే మట్టంగా కనిపిస్తాయి. మాడే ఎవరూ చూడకుండా గట్టు తెంచి, తన చేలో నీళ్లను ఇటు తోలుతున్నాడని వెంకటనారాయణ అనుమానం. అనుమానం వచ్చిన ఏడే గట్టును మూరెడు లేపాడు. మరుసటేడు ఇంకా ఎక్కువ కుళ్లాయి. మాడ పగబట్టి ఇంకా ఎక్కువ తోలుతున్నాడని అప్పుడు రూఢి చేసుకున్నాడు.

మాడ వచ్చి పుల్లలన్నీ చూసి, నెత్తిమీద తువ్వాలు తీశాడు.

“నీళ్ల లోతు రాసిండ్రు వెంకటన్నా. నా చేలో పదిహేను. మీది మీదికి తగ్గుకుంట పోయి నీ కొట్టం కాడ సున్న.”

“పదిహేను ఏంది? అడుగులా, మీటర్లా?”

“సర్కారు ఎప్పుడన్న అడుగుల్ల కొలిసిందా? మీటర్లే.”

ఎనిమిదింటి జీపు వెళ్లిపోయింది. విత్తనాలు ఎవరికీ గుర్తు లేవు. మధ్యాహ్నానికల్లా ఇప్పలగూడెం పదిహేను మీటర్ల లోతున మునిగిపోయింది. సెల్ టవర్ నడుం దాకా నీళ్లొస్తాయని ఒకరు, కాదు భుజాల దాకా అని ఒకరు వాదించుకున్నారు.

మంగళవారం ఊరి మీటింగు పెట్టారు. అది ముగించి వచ్చేసరికి ఇంకో మూడు పుల్లలు లేచి ఉన్నాయి. బుధవారం మళ్లీ మీటింగు పెడితే ఇంకో రెండు. పుల్లల మీద మీటింగు జరిగినప్పుడల్లా పుల్లలు పెరుగుతున్నాయి. పాతేవాళ్లను మాత్రం ఎవరూ చూడలేదు. ఆ పూట చేలల్లో కనిపించింది శిరీష, మాడ కూతురు భీమే అనే పిల్ల మాత్రమే. ఇద్దరాడపిల్లలు సన్నపైపు పట్టుకుని తిరుగుతుంటే, నారుమళ్లకు నీళ్లు కడుతున్నారనుకుని అందరూ వాళ్లను దాటుకుంటూ పోయారు.

పదకొండో పుల్ల వాగు ఒడ్డున తేలింది. దాని మీద ఇరవై మూడు. ఆ అంకెతో పాటు మాడకు ఒక కొత్త ఆలోచన వచ్చింది. అది అక్కడికక్కడే మళ్లీ కూడిన మీటింగులో అందరి ముందూ వచ్చింది.

“ఊరంత మునుగుతది, వెంకటన్న కొట్టం కాడ మాత్రం సున్న. ఎందుకట్ల?”

జనం ఒక్కసారిగా వెంకటనారాయణ వైపు తిరిగారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన ఊరందర్నీ అనుమానిస్తూ వచ్చాడు గానీ, ఊరంతా కలిసి ఆయన్ను అనుమానించడం అదే మొదటిసారి. అది ఇంత బరువుగా ఉంటుందని ఆయనకు తెలియదు.

“నేను అమ్ముడుపోయిన్నంటావా మాడా?”

“నేను అన్లే. పుల్ల అంటాంది.”

ఇక వేరే దారి లేదు. తన నిజాయితీ నిరూపించుకోవాలంటే అందరికంటే గట్టిగా అరవాలి. గురువారం పొద్దున్నే తహసీల్ కచేరీకి ట్రాక్టరు కట్టిద్దామని, అర్జీ తానే ఇస్తానని వెంకటనారాయణ లేచి ప్రకటించాడు. అర్జీ మీద మాత్రం సంతకం చెయ్యనన్నాడు. మేమూ చెయ్యం అని మిగతావాళ్లూ అన్నారు. సంతకాలు లేని అర్జీ సిద్ధమైంది.

ఆ సాయంత్రం ఊర్మిళ మేడమ్ ఇంటికొచ్చింది. స్కూల్లో లెక్చరరు, దంతెవాడ వైపు మనిషి. హిందీలో నాలుగు తెలుగు మాటలు కలిపి మాట్లాడుతుంది. పది పాసైన పిల్లలను ఏ చదువు వైపు పంపాలో తేల్చడానికి పదిహేను రోజులుగా ఇల్లిల్లూ తిరుగుతోంది. చేతిలో నోటుబుక్కు చూడగానే వెంకటనారాయణ మంచం అంచుకు జరిగాడు.

“భాయ్‌సాబ్, ఒక్క సవాల్, అదే, ప్రశ్న. మీ బిడ్డ, ఎవరూ చెప్పకుండానే చేసే పని ఏంది?”

“ఏమీ చెయ్యదు. చెప్పినా చెయ్యదు.”

“ఫారం సంతకం అయ్యిందా? శుక్రవారం ఆఖరు.”

“ఊరుతాంది.”

మేడమ్‌కు అర్థం కాలేదు గానీ తల ఊపి, రాసుకుని వెళ్లింది. ఆమె గడప దాటగానే ఆయన నాగేశ్వరమ్మ వైపు వంగి గొంతు తగ్గించాడు. “చూసినవా? సర్కారోళ్లు వస్తే మేకలెన్ని, కోళ్లెన్ని అని అడుగుతరు. ఈమె మేకల ఊసే ఎత్తలే. పిల్లలను పట్టుకోని ఇంటి గుట్టు లాగుతాంది. పుల్లలకు, ఈమెకు ఏదో లింకు ఉన్నది.”

“నాయనా, ఆ పుల్లలు...” అంది శిరీష, గుంజ పక్కన నిలబడి.

“వాటి జోలికి పోతే కాళ్లిరగ్గొడతా!”

శిరీష నోరు మూసుకుంది. తండ్రి అరిచినందుకు కాదు. చెప్పాల్సింది పుల్లల సంగతి ఒక్కటే అయితే ఎప్పుడో చెప్పేసేది. వాటితో తేలిన సంగతి ఇంకొకటుంది. అది చెప్పాక ఈ జన్మలో సంతకం పడదని ఆమె భయం.

గురువారం తహసీల్దారు సంతకాల్లేని అర్జీని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇప్పలగూడెంలో ఏ సర్వే లేదన్నాడు. “లేదంటాండు, చూసినవా?” అని ఊరివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, అనుమానం తీర్చుకోవడానికి వెళ్లినవాళ్లు దాన్ని ఖాయం చేసుకుని ట్రాక్టరెక్కారు. వాళ్లు వెళ్లాక తహసీల్దారుకు కూడా అది పట్టుకుంది. తనకు తెలియకుండా తన తహసీల్లో పుల్లలు పాతిందెవరు? నీటిపారుదల వాళ్లకు ఫోన్ చేస్తే మేం కాదు, రోడ్ల వాళ్లయి ఉంటారన్నారు. రోడ్ల వాళ్లు అడవి శాఖ పేరు చెప్పారు. అడవి శాఖ వాళ్లు, ఇంతకూ మీరెందుకు అడుగుతున్నారని ఎదురు అడిగారు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఇప్పలగూడెంలోకి తహసీల్దారుది, నీటిపారుదల వాళ్లది, అడవి శాఖది, వరసగా మూడు జీపులు దిగాయి. ఇంక ఎవరికీ రుజువు అక్కర్లేదు. కర్రలు పట్టుకున్నవాళ్లు కర్రలతో, పారలు పట్టుకున్నవాళ్లు పారలతో చేనుకు చేరారు. అందరికంటే ముందు వెంకటనారాయణ నిలబడ్డాడు. గొడవ వినిపించి ఊర్మిళ మేడమ్ కూడా స్కూలు నుంచి పరుగున వచ్చింది. ఫారాల కట్ట, పిల్లలు ఆ పొద్దునే ఇచ్చిన నోటుబుక్కులు ఆమె చంకలోనే ఉన్నాయి.

నీటిపారుదల ఇంజనీరు ముకేష్ కుర్రవాడు, పని తెలిసినవాడు. ఎవరితోనూ వాదించకుండా మూడుకాళ్ల దుర్భిణి నిలబెట్టి, ఒక్కో పుల్ల దగ్గరా కొలత కర్ర పెట్టించి చూసుకుంటూ పోయాడు. అరగంట పట్టింది. ఆఖరున చెమట తుడుచుకుని అన్నాడు.

“సాహెబ్, ఇవి సెంటీమీటర్లు. కొట్టం దగ్గర్నుంచి నేల ఎంత దిగిందో వేశారు. పదకొండింట్లో పది సరిగ్గా ఉన్నాయి. ఒక్కచోట అర సెంటీమీటరు తేడా. చేసింది ఎవరో గానీ నా మనుషులకంటే నయం.”

“అది సరే, ఏ డిపార్టుమెంటు?” అన్నాడు తహసీల్దారు.

ముకేష్ ఒక పుల్ల తలనున్న పీలికను సీసాలో నీళ్లతో తడిపి, నులిమి, ఆరబెట్టినట్టు పైకెత్తాడు. బురద పోయి పచ్చగళ్లు తేలాయి. మధ్యలో బీడీ నిప్పు పడి కాలిన గుండ్రటి చిల్లు ఉంది.

“ఇది లుంగీ సాహెబ్. ఏ డిపార్టుమెంటులోనూ లుంగీ ఇవ్వరు.”

ఆ చిల్లు ఏ రోజు, ఏ బీడీతో పడిందో తెలిసిన మనిషి ఆ గుంపులో ఒక్కడే ఉన్నాడు. వెంకటనారాయణ చేతిలో కర్ర మెల్లగా కిందికి దిగింది.

“గాలికి... గాలికి కొట్టుకొచ్చి ఉంటది,” అన్నాడు.

“పదకొండు ముక్కలై, ముడులు గూడ ఏసుకోనొచ్చిందా?” అన్నాడు మాడ.

అప్పుడు జనాన్ని తప్పించుకుంటూ శిరీష ముందుకొచ్చింది. ఆమె వెనక భీమే, భుజాన మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే పైపు చుట్టతో.

“పుల్లలు పాతింది నేనే. భీమే పైపు రెండో కొస పట్టింది. పైపుల నీళ్లు రెండు దిక్కుల ఒక్క మట్టానికే నిలబడతయి కదా, దాన్ని పట్టి కొలిసినం. లుంగీ నేనే చింపిన నాయనా. పాతదే అనుకున్న.”

మాడ నోరు తెరిచి కూతుర్ని చూశాడు, తర్వాత వెంకటనారాయణను చూశాడు. “చంకల పిల్లను పెట్టుకోని ఊరంత దేవులాడినట్టు, ట్రాక్టరు కట్టుకోని తహసీల్ దాకా పోయినం గదయ్యా!”

పిల్లలకు ఈ పని నేర్పింది మీరేనా అని తహసీల్దారు కోపంగా ఊర్మిళ మేడమ్ వైపు తిరిగాడు. ఆమె తడబడకుండా జవాబు చెప్పింది. పిల్లలను ఏం చదువుతారని అడిగితే అందరూ ఇంట్లో చెప్పమన్నదే చెబుతున్నారు. అందుకని ఆమె ఒక్కొక్కరికీ ఒక పని ఇచ్చింది. మీ ఇంట్లో తెగని ప్రశ్న ఒకటి తీసుకోండి. దాని మీద ఉన్న అనుమానం రాయండి. తర్వాత దాన్ని పరీక్షించి, ఏం తేలిందో రాయండి. ఏ పనిలో ఆకలి మరిచిపోతే అదే మీ చదువు. భీమే తన మేకలకు వానాకాలం కడుపు ఎందుకు ఉబ్బుతుందో చూసి, ముప్పై రకాల ఆకులు అంటించి, బయాలజీ రాసింది. శిరీష బుక్కు ఇదీ అని ఆమె ముకేష్ చేతిలో పెట్టింది.

ముకేష్ హిందీలో రాసున్నది చదివి, తెలుగులో పైకి చెప్పాడు. “ప్రశ్న: మా మిరపచేలో నీళ్లు ఎందుకు నిలుస్తాయి. అనుమానం: మాడ మామ గట్టు తెంచి తన నీళ్లు మా చేలోకి వదులుతున్నాడు. అనుమానం ఎవరిది: నాయనది.”

మాడ చేతిలో పార నేలకు గట్టిగా తగిలింది.

“కొలత: మాడ మామ చేను మాకంటే దిగువ. నీళ్లు పైకెక్కవు. తేలింది...” ముకేష్ ఆగి, శిరీషను చూసి, మళ్లీ బుక్కు చూశాడు. “తేలింది: నీళ్లు మావే. అవి దిగిపోకుండా ఆపుతున్న గట్టు కూడా మాదే. నాయన లేపినంత మేరా కుళ్లు పెరిగింది.”

వెంకటనారాయణ గట్టును చూశాడు. అది నిజం. ఎవడో చేస్తున్నాడని కాపలా కాసి, తిట్టి, రెండేళ్లు పలకరింపు మానేసి, తన మిరపను తానే ముంచుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సిగ్గు వెనకే ఇంకొకటి కూడా వచ్చింది, అది గర్వమని గుర్తుపట్టడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. ఇంట్లో అనుమానం ఇద్దరికీ ఉంది. ఆయన దాన్ని రెండేళ్లు మోశాడు. పిల్ల దాన్ని నాలుగు రోజుల్లో కొలిచి అవతల పారేసింది.

“చెప్తే నువ్వు సంతకం పెట్టవని భయమేసింది నాయనా,” అంది శిరీష.

“టైమెంత?” అన్నాడు వెంకటనారాయణ.

నాలుగు దాటింది. నాగేశ్వరమ్మ అప్పటికే ఇంటివైపు సగం దూరం పోయింది. ఆమె తెచ్చిన ఫారం మడతల్లోంచి జీపు ముందు భాగం మీద బియ్యపు గింజలు రాలాయి. వెంకటనారాయణ పెన్ను తీసి, వెంటనే పెట్టకుండా ముకేష్‌ను పక్కకు పిలిచాడు. దంతెవాడ ఎంత దూరమో ఆయనకు తెలుసు. ఈ పిల్ల లేకపోతే ఇంట్లో సాయంత్రాలు ఎట్లా గడుస్తాయో అదే తెలియదు.

“సారూ, ఈ లెక్కలు చదివితే నీ లెక్కనే పుల్లలు పాతుతదా?”

“పాతుతుంది. వంతెనలూ కడుతుంది.”

“ఊళ్లల్లకు పోతే జనం కర్రలు పట్టుకోని ఎదురొస్తరా?”

“మొదట్లో వస్తారు,” అన్నాడు ముకేష్, ఇంకా దించని కర్రలను ఒకసారి చూసి.

వెంకటనారాయణ ఫారం మీది హిందీ అక్షరాల మీద వేలు పెట్టాడు. “మా నాయనకు ఆ కాగితం సక్కగ చదివి చెప్పెటోళ్లు ఒక్కరు లేకపోయిండ్రు,” అన్నాడు. “ఎవడో ఒకడు వచ్చి పుల్ల పాతనే పాతుతడు. ఆ పాతేది మన పిల్లే అయితే, ఏం రాసిందో ఇంటికొచ్చి చెప్తది.” అని సంతకం పెట్టాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. శిరీష దాన్ని రెండుసార్లు పరీక్షగా చూసి, “తారీఖు వెయ్యలే నాయనా,” అంది. తారీఖు కూడా వేశాడు.

ఫారాల కట్టతో మేడమ్‌ను, శిరీషను ముకేష్ జీపులో స్కూలుకు చేర్చాడు. ఐదుకు ఇంకా పది నిమిషాలుంది. మిగతా రెండు జీపులు ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుంటూ వెళ్లిపోయాయి. పొద్దు వాలేలోగా వెంకటనారాయణ పార పట్టుకుని తన గట్టును తానే తెంచాడు. అడక్కుండానే మాడ వచ్చి రెండో వైపునుంచి తవ్వాడు. నిలిచిన నీళ్లు కదిలి, మాడ చేను అంచు కాలవ వెంట వాగు దారి పట్టాయి. “తెంచుడంటే ఇట్ల వెంకటన్నా. నేను తెంచినట్టు నువ్వెప్పుడన్న చూసినవా?” అన్నాడు మాడ. వెంకటనారాయణ తల వంచుకుని ఇంకో పార మట్టి తీశాడు.

మర్నాడు పొద్దున దండెం మీద ఆయన రెండో లుంగీ కనిపించలేదు. మాడ చేను పూర్తిగా కొలవడం ఇంకా మిగిలే ఉంది. ఈసారి వెంకటనారాయణ ఎవర్నీ అనుమానించలేదు.